తువ్వాలు కింద చెయ్యి

మద్రాసు, తిరువల్లిక్కేణి
20 జూలై 1937

పూజ్యులైన పాండురంగయ్య బావగారికి,

మీ బావమరిది క్షేమంగా చేరాడని మొదట అక్కయ్యతో చెప్పండి. ఆమె కట్టిచ్చిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి గుంతకల్లు దాటకముందే అయిపోయాయి. ఇక్కడి మెస్సులో సాంబారు పోసి అన్నం పెడుతున్నారు. మూడు పూటలు తిన్నాక కారం అనే వస్తువు లోకంలో ఉందా అని అనుమానం వచ్చింది.

శాసనసభలో ప్రమాణం చేశాను. నా తలపాగా చూసి ఒకాయన నేనెవరో జమీందారును అనుకున్నాడు. నేను కాదనలేదు. అక్కడ అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నారు. నాకు వచ్చిన ఇంగ్లీషు బొంబాయి నుంచి వచ్చే పత్తి ధరల తంతి చదవడానికి సరిపోతుంది, అంతే. తెలుగులో మాట్లాడాలంటే లేచి అధ్యక్షుల అనుమతి అడగాలి. ఆ లేవడం తలుచుకుంటేనే మోకాళ్లు వణుకుతున్నాయి. ఆదోని మార్కెట్లో నూరుమంది మధ్య గొంతెత్తి అరిచేవాణ్ణి, ఇక్కడ దగ్గాలన్నా చుట్టూ చూసుకుంటున్నాను.

కూర్చున్నప్పుడల్లా ఓట్ల ముందు రోజు మీ ఊరి నేతగాడు ఓబన్న ఇంట్లో జరిగింది గుర్తుకొస్తోంది. సాలెవాడ పెద్దలంతా మగ్గం గుంత చుట్టూ కూర్చున్నారు. మీరు నా తరఫున ఎంతో మాట్లాడారు. ఓబన్న అదేమీ వినలేదు. భుజం మీది తువ్వాలు తీసి తన చెయ్యి మీద కప్పుకుని నా ముందుకు చాచాడు.

"మాటలు సాలప్పా. నువ్వు ఆదోని పత్తి యాపారివి. మీ బజార్లో ఎట్ల ఖాయం సేసుకుంటారో అట్లే సెయ్యి. వానలు పోతే సర్కారు కరువు పనిలో మావోళ్ల సేత రాళ్లు కొట్టించకుండా నూలు ఇప్పిస్తావా?" అన్నాడు.

నేను తువ్వాలు కిందికి చెయ్యి పెట్టి అతని అయిదు వేళ్లూ మూసి నొక్కాను. మీరూ చూశారు, మన దళారి రసూల్ సాబ్ కూడా చూశాడు. మా మార్కెట్లో తువ్వాలు కింద ఒక్కో వేలు పట్టుకుని ధర చెప్పుకుంటాం. ఒప్పుకున్నాక అయిదు వేళ్లూ కలిపి మూస్తే బేరం ఖాయం. నోటితో అన్న మాట తిప్పినవాళ్లను చాలామందిని చూశాను గాని, తువ్వాలు కింద మూసిన చేతిని కాదన్నవాణ్ణి నేను పుట్టాక చూడలేదు. కాబట్టి మీరు బెంగపడకండి.

మీ
చెన్నకేశవులు


ఎమ్మిగనూరు
2 ఆగస్టు 1937

చిరంజీవి చెన్నకేశవులుకు, నిన్ను మద్రాసుకు పంపి లేని తలనొప్పి తెచ్చుకున్న నీ బావ ఆశీస్సులు.

జమీందారుగారూ, ఉత్తరం అందింది. మీ అక్క రెండుసార్లు చదువుకుంది. సాంబారు సంగతి విని మిరపకాయల పొడి పార్శిలు చేస్తానంటోంది. వద్దంటే నా మాట వినేటట్టు లేదు, పార్శిలు విప్పేటప్పుడు ముక్కు జాగ్రత్త.

నవ్వులాట పక్కన పెట్టి ఒక్క మాట రాస్తున్నాను. నేను నూలు వర్తకుణ్ణి. ఈ వాడలో నా నూలు నేయని మగ్గం లేదు. నీకు ఓటు వేయమని గడప గడపకూ తిరిగిందీ నేనే. నువ్వు మద్రాసులో ఉంటావు, ఆదోనికి వస్తావు, పోతావు. నేను మాత్రం పొద్దున లేస్తే ఈ వీధిలోనే తలుపు తీయాలి. నువ్వు మూసిన చేతికి జవాబు చెప్పాల్సింది నేను. అది మరిచిపోకుండా ఉంటే చాలు.

ఇక్కడ వాన బాగుంది. దూడ పుట్టింది.

నీ బావ
పాండురంగయ్య


ఎమ్మిగనూరు
6 నవంబరు 1938

చి. చెన్నకేశవులుకు,

దసరాకు నువ్వు వచ్చినప్పుడు చూసిన దానికంటే ఇప్పుడు అధ్వాన్నంగా ఉంది. ముంగారు తొలివాన పోయింది, హింగారు వెనకవాన మేఘం చూపించి పోయింది. జొన్న మోకాలెత్తు లేవకుండా ఎండింది. తిండికే లేనివాడు చీర కొంటాడా? నేసిన గుడ్డ అటక మీద ఉంది, మగ్గాలు ఆగిపోయాయి. నా కొట్లో నూలు ఉంది, అడిగేవాడు లేడు.

సర్కారువారు కోడుమూరు రోడ్డు మీద కరువు పని తెరిచారు. కంకర కొట్టాలి. ఓబన్నా, అతని భార్య వీరమ్మా మొన్న సోమవారం నుంచి పోతున్నారు. వాళ్ల వెనక సగం వాడ పోతోంది. నేను ఆ దారిన బండి మీద పోతుంటే ఓబన్న తలెత్తి చూశాడు. చేతికి తువ్వాలు చుట్టుకుని సుత్తె పట్టుకున్నాడు. మళ్లీ వంగి రాయి కొట్టాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

రాయి కొట్టిన చెయ్యి మగ్గానికి ఎట్లా పనికిరాకుండా పోతుందో నీకు తెలుసు, మళ్లీ రాయనక్కర్లేదు. వేలికొస మొద్దుబారితే సన్నపోగు తెగింది కూడా తెలియదు. ఈ రాళ్ల పనికి బదులు నూలు ఇచ్చి నేయించి కూలి ఇమ్మని వాళ్లు అడుగుతున్నారు. అదేం పెద్ద కోరిక కాదు. నువ్వు చెయ్యి మూసిందీ దానికే.

ఏం చేస్తావో రాయి. మీ అక్క నీ మీద దిగులుతో ఉంది, నేను ఓబన్న మీద దిగులుతో ఉన్నాను.

పాండురంగయ్య


మద్రాసు
19 నవంబరు 1938

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం పట్టుకుని రెండు ఆఫీసులు తిరిగాను. ఒకచోట అర్జీ రాసిమ్మన్నారు, రెండోచోట ఆ అర్జీ మొదటిచోటికే పంపుతామన్నారు. తెల్లగుడ్డలు కట్టుకున్నవాళ్లు ఇంత మర్యాదగా కాదంటారని నాకు తెలియదు. మన పార్టీ ప్రభుత్వమే కదా అనుకుని వెళ్లాను, అందుకే కడుపు మండింది.

అయినా దారి దొరికింది. మార్చిలో కరువు ఖర్చుల పద్దు సభ ముందుకు వస్తుంది. అప్పుడు నేను ఒక తీర్మానం తెస్తాను. పేపర్లో పడుతుంది, మీరే చూస్తారు. ఎమ్మిగనూరు పేరు ఈ సభలో మారుమోగుతుంది. ఇప్పుడే వివరం రాస్తే దాని రుచి పోతుంది. ఓబన్నను మార్చిదాకా ఓర్చుకోమనండి.

అక్కయ్యను దిగులు పడవద్దని చెప్పండి. మిరపపొడి అయిపోయిందని కూడా చెప్పండి.

చెన్నకేశవులు


ఎమ్మిగనూరు
11 మార్చి 1939

చెన్నకేశవులుకు,

పేపర్లో పడింది. చూశాం.

నిన్న సంత రోజు. కాఫీ హోటలు ముందు ఒకడు పేపరు విప్పి అందరికీ వినబడేటట్టు చదివాడు. కరువు సహాయపు పద్దులో నూరు రూపాయలు తగ్గించాలని ఆదోని సభ్యుడు చెన్నకేశవులు తీర్మానం ఇచ్చినట్టు వేశారు. నేను నమ్మక చేతికి తీసుకుని చదివాను. నీ పేరే, నీ ఊరే. పెంచమని అడగడానికి పోయినవాడివి తగ్గించమంటావా? ఎవరి మెప్పు కోసం?

సాయంత్రానికి వాడంతా నా కొట్టు ముందు ఉంది.  మగ్గాల మీద మిగిలిన నా నూలు కండెలు తెచ్చి ఒక్కొక్కరే అరుగు మీద పెట్టి పోయారు. ఓబన్న చివర వచ్చాడు.

"మీ బామ్మర్దికి నూరు రూపాయలు తక్కువైనాయంటనే, ఈ నూలు అమ్ముకొని పంపియ్యి" అన్నాడు.

మీ అక్క తలుపు వెనక నిలబడి విన్నది. బావి దగ్గర ఆమెకు బొక్కెన ఇచ్చేవాళ్లు లేరు. ఇంతకాలం ఈ వీధిలో నన్ను చూసి లేచి నిలబడనివాడు లేడు. ఇవాళ నేనే తల వంచుకుని నడిచాను. ఎందుకు చేశావో రాయి. రాయలేకపోతే రాయలేనని రాయి.

పాండురంగయ్య


మద్రాసు
14 మార్చి 1939

బావా,

మీ ఉత్తరం చదివి అన్నం తినలేదు. కోపంతో తినలేదు, సిగ్గుతో కాదు. నన్ను చిన్నప్పటి నుంచి చూసినవారు మీరు. మీరే అట్లా అనుకుంటే ఓబన్నను అని ఏం లాభం?

ఈ సభలో ఒక పద్ధతి ఉంది. పద్దు మీద ఫిర్యాదు చెప్పుకోవాలంటే దాన్ని నూరు రూపాయలు తగ్గించాలని తీర్మానం ఇవ్వాలి. అప్పుడు, ఎందుకయ్యా తగ్గించమంటున్నావు అని అడిగి మాట్లాడనిస్తారు. ఆ నూరు రూపాయలు ఎవరూ తగ్గించరు. అది నోరు తెరవడానికి దొరికిన సందు మాత్రమే. సాలెవాళ్ల చేత రాళ్లు కొట్టించడం అన్యాయమని చెప్పడానికే ఆ తీర్మానం ఇచ్చాను. పేపరువాడు సగం వేసి సగం మింగాడు. ముందే మీకు వివరంగా రాయకపోవడం నా తప్పు. గొప్పకు పోయాను.

రేపు తీర్మానం వస్తుంది. తెలుగులో మాట్లాడతానని అనుమతి అడిగాను. వ్రాసుకున్నది పదిసార్లు చదువుకున్నాను. ఈ ఉత్తరం రేపటి సంగతి చేర్చి వేస్తాను.

15 మార్చి

బావా, పని అయింది. ముందు ఆ మాట విని తర్వాత మిగతాది చదవండి.

నా పేరు పిలిచారు. లేచాను. చేతిలో కాగితం ఆకులా ఆడుతోంది. సగం దూరం చెప్పాను. ఓబన్న పేరు చెప్పాను, మగ్గం గుంత గురించి చెప్పాను. అప్పుడు మన పార్టీ పెద్దలలో ఒకాయన, కోస్తా సర్కారు జిల్లాల మనిషి, నా పక్క బెంచీ మీదికి వచ్చి కూర్చుని కండువా కొంగు పట్టి నన్ను కూర్చోబెట్టాడు. సొంత ప్రభుత్వం మీద మనమే తీర్మానం పెట్టుకుంటే ఎట్లా, వెనక్కి తీసుకో, ఎమ్మిగనూరు సంగతి చూద్దాం అన్నాడు. నేను ఊఁ అనలేదు. అప్పుడు ఆయన ఉత్తరీయం జారి మా ఇద్దరి చేతుల మీద పడింది. దాని కింద నా చెయ్యి పట్టుకుని అయిదు వేళ్లూ మూసి గట్టిగా నొక్కాడు.

 అంత పెద్దమనిషికి మా ఆదోని పద్ధతి ఎట్లా తెలిసిందో అనుకున్నాను. లేచి తీర్మానం వెనక్కి తీసుకున్నాను. బేరం ఖాయమయ్యాక ఇంకా గొంతు చించుకునేవాడు వ్యాపారి కాడు.

ఓబన్నకు చెప్పండి. సుత్తె కింద పెట్టి ఇంటికి పొమ్మనండి. నూలు వస్తుంది.

చెన్నకేశవులు


ఎమ్మిగనూరు
9 ఏప్రిల్ 1939

చెన్నకేశవులుకు,

నీ ఉత్తరం చదివి నేనే స్వయంగా సాలెవాడకు వెళ్లాను. తీర్మానం అర్థం చెప్పాను. చెయ్యి పట్టుకున్న సంగతి చెప్పాను. తువ్వాలు కింద అనేసరికి ఓబన్న నమ్మాడు. నా నూలు మళ్లీ తీసుకుపోయారు. మీ అక్క ఆ రోజు వాడలో అందరికీ బెల్లం పంచింది.

మరుసటి రోజు నుంచి వాళ్లు రాళ్ల పనికి పోలేదు. నూలు వస్తుందని మగ్గాలు తుడిచి పెట్టుకున్నారు. వారం చూశారు. ఇంకో వారం చూశారు. నేను నా కొట్లో ఉన్న జొన్నలు కొలిచి ఇచ్చాను, అవి ఎన్నాళ్లు వస్తాయి? తాసీల్దారు కచేరీకి పోయి అడిగితే అటువంటి ఉత్తర్వు ఏదీ లేదన్నారు. మళ్లీ కంకర పనికి పోతే మీ పేర్లు కొట్టేశాం, చెప్పకుండా మానేశారు అన్నారు. చోటు ఉన్నదల్లా రాళ్ల గని దగ్గర. అక్కడ పెద్ద బండలు పగలగొట్టి దొర్లించాలి.

ఓబన్న మిగతావాళ్ల కంటే ముందు గనికి పోయాడు. పోయిన మంగళవారం బండ జారి కుడిచెయ్యి మీద పడింది. ఆదోని ఆసుపత్రికి నా బండిలోనే తీసుకుపోయాను. చిటికెన వేలు, ఉంగరపు వేలు తీసేశారు. ఇక అతను మగ్గం మీద కూర్చోలేడు.

దారిలో అతను ఒక్కటే అడిగాడు. "ఆ మద్రాసు పెద్దాయన నిజంగా సెయ్యి మూసినాడా, లేక మీ బామ్మర్ది ఊరికే సెప్పినాడా?" అన్నాడు.  జవాబు నీకు తెలిస్తే రాయి.

పాండురంగయ్య


మద్రాసు
16 ఏప్రిల్ 1939

బావా,

జవాబు తెలుసుకుని రాస్తున్నాను.

ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఓబన్న చేతి సంగతి చెప్పి, మీరు బేరం ఖాయం చేసి ఎందుకు తిప్పారని నిలదీశాను. ఆయనకు నేనేమంటున్నానో అర్థం కాలేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఉత్తరీయం, అయిదు వేళ్లు, అన్నీ. 

"కొత్తవాడివి, వణికిపోతున్నావు. ధైర్యంగా ఉంటుందని చెయ్యి పట్టుకున్నానయ్యా" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. చెడ్డవాడు కూడా కాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కాఫీ తెప్పించాడు. నేను తాగకుండా వచ్చేశాను. లోకమంతా ఆదోని మార్కెట్టే అనుకున్నాను బావా. ఒక మనిషి జాలిపడి చెయ్యి పట్టుకుంటే దాన్ని సర్కారు ఉత్తర్వు అనుకుని మీకు రాశాను. నా మాట మీద వాళ్లు పస్తులున్నారు. నా మాట మీదే ఓబన్న గనికి పోయాడు.

నేను రాజీనామా రాసి పెట్టుకున్నాను. ఈ పదవికి నేను తగను. మీ ముఖం, అక్క ముఖం ఎట్లా చూడాలో తెలియడం లేదు.

చెన్నకేశవులు


ఎమ్మిగనూరు
22 ఏప్రిల్ 1939

చెన్నకేశవులుకు,

రాజీనామా చేస్తే ఓబన్న వేళ్లు మొలవవు. నువ్వు ఇంటికి వచ్చి పత్తి అమ్ముకుంటావు, వాళ్లు గనికి పోతూనే ఉంటారు. సభలో కూర్చుని అడుగు. రోజూ లేచి అడుగు. ఈసారి కాగితం మీద సంతకం చూసిందాకా నాకు రాయవద్దు.

పాండురంగయ్య

(బావకు తెలియకుండా రాస్తున్నాను, తమ్ముడూ. అన్నం తిను. ఆయన కూడా సరిగ్గా తినడం లేదు. సులోచన)


మద్రాసు
30 అక్టోబరు 1939

బావా,

సంతకం చూశాను కాబట్టి రాస్తున్నాను. ఎమ్మిగనూరు సాలెవాళ్లకు నూలు ఇచ్చి కూలికి నేయించాలని ఉత్తర్వు వచ్చింది. దాని నకలు దీనితో పంపుతున్నాను. ఈ ఆరు నెలలు సభలో నేను లేచానంటే పక్కవాళ్లు నిట్టూర్చేవారు, ఎమ్మిగనూరు వచ్చాడు అనేవారు. నాకిప్పుడు మోకాళ్లు వణకడం లేదు.

ఉత్తర్వు వచ్చేసరికి మీకు వానలు పడ్డాయని అక్కయ్య రాసింది. మగ్గాలు వాటంతటవే ఆడుతున్నాయట. యుద్ధం గొడవలో మన మంత్రులు కూడా రాజీనామా ఇచ్చారు. సభ మూసినట్టే. నేను ఆదోనికి వచ్చేస్తున్నాను. ఎమ్మిగనూరు రమ్మని మీరు పిలిచేదాకా రాను.

చెన్నకేశవులు


ఆదోని
5 జనవరి 1946

బావగారికి,

మీరు పిలవలేదు, నేను రాలేదు. మధ్యలో జైలుకు పోయి వచ్చాను, అమ్మ పోయింది, అక్కయ్య వచ్చి కర్మలన్నీ అయ్యేదాకా ఉంది. మీరు పదోరోజు వచ్చి, భోంచేసి, నాతో వాన గురించి మాట్లాడి వెళ్లారు. ఇన్నేళ్లలో మనం మాట్లాడుకున్నది అదే.

మార్చిలో మళ్లీ ఎన్నికలు. పార్టీవాళ్లు నన్నే నిలబడమంటున్నారు. గెలవడం కష్టం కాదంటున్నారు. రసూల్ సాబ్ ముసలివాడయ్యాడు, ఇప్పటికీ మార్కెట్టుకు వస్తున్నాడు. ఆయన్ను అడిగితే, మొదటి బేరం తీరకుండా రెండో సౌదా పట్టకూడదు కదా సేఠ్ అన్నాడు. ఆ మాట నాకు నిద్ర లేకుండా చేసింది.

నిలబడాలా వద్దా ఓబన్నను అడిగి చెప్పండి. అతను వద్దంటే నామినేషను వేయను.

చెన్నకేశవులు


ఎమ్మిగనూరు
18 జనవరి 1946

చి. చెన్నకేశవులుకు, బావ ఆశీస్సులు.

జాతర అయిపోయిందాకా ఓబన్న దొరకలేదు. ఇప్పుడు అతను మగ్గాలకు పడుగు దారాలు సరిచూసి పెడుతున్నాడు, వీరమ్మ నేస్తోంది. నీ ఉత్తరం చదివి వినిపించాను. 

"నిన్ను అడగమన్నాడా? ఆయప్పనే రమ్మను. ఈసారి తువ్వాలు వద్దు. నడివీధిలో, అందరూ సూసేటట్టు సెయ్యి పట్టుకోవల్ల" అన్నాడు.

ఏం చెప్తాడో నాకు తెలియదు. తిడతాడేమో కూడా తెలియదు. వచ్చే ఆదివారం రా. ఆ రోజు నేను నూలు బేరానికి కోడుమూరు పోతాను. కావాలనే పోతున్నాను. నేను పక్కన ఉంటే అతను నా ముఖం చూసి మెత్తబడతాడు. పోయినసారి నేనే నీ తరఫున మాట్లాడాను, అది చాలు.

మీ అక్క రొట్టెలు చేసి పెడుతుంది. తిని పో.

పాండురంగయ్య


ఆదోని
28 జనవరి 1946

బావా,

పోయి వచ్చాను. వాడ పొడుగునా జనం నిలబడ్డారు. అక్కయ్య అరుగు మీద నిలబడింది. నేను తలపాగా తీసి చేతిలో పట్టుకుని నడిచాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ పోయి ఓబన్న ముందు నిలబడ్డాను.

ఓబన్న కుడిచెయ్యి చాచాడు. ఆ చేతిని నేను చూడడం అదే మొదటిసారి బావా. ఇన్నేళ్లుగా మనసులో చూస్తూనే ఉన్నాను గాని అది వేరు. నేను నా చెయ్యి ఇచ్చాను. అతను మూడు వేళ్లు నా చేతి చుట్టూ మూశాడు. మూసి అట్లాగే పట్టుకున్నాడు. వేళ్లు లెక్క పెట్టుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. మిగతా రెండింటి కోసం నా చెయ్యి తనంతట తనే ఎదురుచూసింది. మార్కెట్లో అయిదూ మూయందే బేరం ఖాయం కాదు. నాకు ఏడుపు వచ్చింది. అంతమంది ముందు ఏడ్చాను.

అతను చెయ్యి వదల్లేదు. అందరికీ వినబడేటట్టు చెప్పాడు.

"నా దగ్గర ఇంతే ఉండాయప్పా. తక్కిన రెండూ నువ్వే మూయల్ల."

ఓటు వేస్తానని అతను అనలేదు. నేను అడగలేదు. వచ్చే సోమవారం నామినేషను వేస్తున్నాను. మీరు కోడుమూరు నుంచి వచ్చాక, వీలైతే ఆదోనికి ఒకసారి రండి.

మీ బావమరిది
చెన్నకేశవులు